నాకు మనవడు లేడు

పై వాటా, కిటికీ పక్క కుర్చీ
ఎండలు తగ్గుముఖం పట్టాక, ఒక ఆదివారం

గంటమ్మకు,

ఆ పేరు పెట్టినదాన్ని నేనే కాబట్టి, నీకు ముప్ఫయ్యేళ్లు దగ్గరపడుతున్నా అలాగే పిలుస్తాను. చిన్నప్పుడు నువ్వు నోరు విప్పితే గుడ్లు అమ్మేవాడు కూడా సైకిలు ఆపి వినేవాడు. అభ్యంతరం ఉంటే రాతపూర్వకంగా తెలియజేయి.

రాతపూర్వకంగా అని ఊరికే అనలేదు. ఇక మీదట మనిద్దరి మధ్య ఫోన్లు వద్దు, ఉత్తరాలే. ఫోనులో నువ్వు "ఊఁ", "సరే అమ్మమ్మా", "ఉంటాను మరి" అనడం తప్ప నాలుగో మాట మాట్లాడి చాలాకాలమైంది. మీ ఊరి బస్సుల్లో ఎక్కే ప్రతివాడికీ తర్వాతి స్టాపేదో శ్రద్ధగా చెబుతావు. పెంచిన ముసలిదానికి మాత్రం "ఊఁ". ఆ మూడు మాటలకి ఫోను దండగ.

జీవశాస్త్రం టీచరుగా బతుకంతా ఆడపిల్లల చేత జవాబులు రాయించినదాన్ని. కాబట్టి ప్రశ్నలు వేస్తాను, రాయి. వేళకి తింటున్నావా? నిద్ర పడుతోందా? నీ బుడగల జబ్బు సంగతేమిటి? నెలసరి వస్తోందా? డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంటున్నావా, సొరుగులో దాచుకుంటున్నావా? "అన్నీ బాగున్నాయి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే సున్నా మార్కులు.

ఇక్కడి విశేషం: కింది వాటాలో కొత్తగా ఒక దర్జీ ఆవిడ దిగింది. పరదాలూ, స్కూలు యూనిఫారాలూ కుడుతుంది. నోటినిండా గుండుసూదులు పెట్టుకుని కూడా ధారాళంగా మాట్లాడగలదు. సూదమ్మ అని పేరు పెట్టాను, మొహం మీదే. నవ్వింది. సూదులు రాలాయి. ఇద్దరం కూర్చుని ఏరుకున్నాం.

అమ్మమ్మ

*

అద్దె గది, మూడో అంతస్తు
వానలు మొదలైన వారం

అమ్మమ్మా,

ఉత్తరాల ఆలోచన బ్రహ్మాండంగా ఉంది. ఇంత మంచి ఆలోచన ఇన్నాళ్లూ నీకెందుకు రాలేదో! నాకు పూర్తిగా సమ్మతం. అసలు ఫోనే వద్దు.

జవాబులు. ఒకటి: తింటున్నాను. రెండు: పడుతోంది. మూడు: బుడగలు వాటి పని అవి చేసుకుంటున్నాయి, నా పని నేను చేసుకుంటున్నాను. మాకిద్దరికీ గొడవల్లేవు. నాలుగు: నెలసరి మామూలే. గడ్డం కింద వెంట్రుకలు కాస్త ఎక్కువయ్యాయి, లేజరు క్లినిక్కుకి వెళ్తున్నాను. అక్కడి అమ్మాయి నా ఫైలు చూసి "ఓ, పీసీఓఎస్సా! అయితే ఇది మామూలే అక్కా, మా దగ్గరికొచ్చేవాళ్లలో సగంమంది మీవాళ్లే" అంది. మాకో కులం ఉన్నట్టు.

పని ఎక్కువగా ఉంది. మా ఊళ్లో కొత్త రూట్లు వేస్తున్నారు. బస్సుల్లో మోగే పాత స్టాపుల పేర్లు నేనెప్పుడో చదివి రికార్డు చేసినవి, కొత్తవి వాటి పక్కన అతుకు తెలియకుండా కూర్చోవాలి. అందుకని మైకు ముందు కూర్చోగానే మా రికార్డింగాయన నా పాత వాక్యం ఒకటి హెడ్‌ఫోన్లలో వినిపిస్తాడు. "దయచేసి తలుపుకు దూరంగా నిలబడండి." దాన్ని పట్టుకుని, అదే ఎత్తులో, అదే మెత్తదనంతో కొత్తవి చదవాలి. ఆయన్ని మేమంతా చెవులాయన అంటాం. పక్క గదిలో ఎవరైనా ఆవలించినా ఆయనకి వినిపిస్తుంది.

ఈ మధ్య జలుబు పట్టుకుని వదలడం లేదు. అందుకే పని మెల్లగా సాగుతోంది. అంతకంటే ఏమీ లేదు.

నీ గంట

*

పై వాటా, అదే కుర్చీ
వాన వెలిసిన పగలు

గంటా,

ఉత్తరాలకి నువ్వు ఒప్పుకున్న తీరు నాకు నచ్చలేదు. బతిమాలించుకుంటావు, అలుగుతావు అనుకున్నాను. "అసలు ఫోనే వద్దు" అంటూ ఎగిరి గంతేశావు. నా క్లాసులో ఏ పిల్లయినా పరీక్ష వాయిదా పడిందంటే ఇంత సంతోషపడేది.

"నెలసరి మామూలే" అన్నావు. నీ మామూలు నాకు తెలియదా? పదహారో ఏట మొదలైంది నీ మామూలు. నెలల తరబడి రాదు, వస్తే మంచం దిగనివ్వదు. మెడ వెనక నల్లబడితే మట్టి అనుకుని రాయితో రుద్దుకుని పుండు చేసుకున్నావు. అది మట్టి కాదు, ఒంట్లో ఇన్సులిన్ పని సరిగ్గా సాగకపోతే వచ్చే నలుపు అని మన ఊరి డాక్టరు చెప్పేదాకా నాకూ తట్టలేదు. ఆయన చెప్పిన మంచిమాట అదొక్కటే. మిగతాదంతా "బరువు తగ్గమ్మా, పెళ్లి కుదిరాక రా, అప్పుడు చూద్దాం" అనడమే. జబ్బు నీకు, చూడాల్సింది వచ్చే మొగుడి కోసం! తర్వాత ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా నువ్వు కూర్చోకముందే ఆయన కళ్లు నీ నడుం కొలిచేవి. నువ్వు ఆసుపత్రి గడప తొక్కడం మానేశావంటే నేనేం ఆశ్చర్యపోను.

కానీ ఒక్కమాట. అవి బుడగలు కావు. ఎదగాల్సిన అండం ఎదగక, విడుదల కాక, దాని సంచి అలాగే ఉండిపోతుంది. అలాంటివి అండాశయం చుట్టూ చేరతాయి. అండం విడుదల కాకపోతే గర్భసంచి లోపలి పొర ఊడిరాదు, మందంగా పేరుకుంటుంది. ఏళ్ల తరబడి అలా పేరుకుంటే అది కాన్సరుకి దారితీయవచ్చు. అందుకే కొన్ని నెలలకోసారైనా మాత్ర వేసుకుని ఆ పొరను రప్పించుకోమన్నారు. షుగరు కూడా చూపించుకుంటూ ఉండమన్నారు. పిల్లల కోసం కాదే, నీ ఒంటి కోసం.

మళ్లీ అడుగుతున్నాను. చివరిసారి ఎప్పుడు వచ్చింది?

ఒక ఫోటో పంపు. జలుబుతో ముక్కు ఎర్రబడినా ఫరవాలేదు.

అమ్మమ్మ

*

రికార్డింగ్ గది బయట, మెట్ల మీద
వానల మధ్యలో

అమ్మమ్మా,

ఎప్పుడొచ్చిందో గుర్తులేదు. గుర్తులేనంత కాలమైందని నువ్వు అర్థం చేసుకుంటావు కాబట్టి దాచడం అనవసరం. రాకపోతే హాయిగానే ఉంది, నిజం చెప్పాలంటే. నొప్పి లేదు, సెలవు పెట్టే పని లేదు.

ఫోటో ఇప్పుడు వద్దు. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాను. నుదుటి పక్కన రెండువైపులా పలచబడింది, పొడుగ్గా ఉంటే బాగా తెలుస్తోంది. మొహం మీద అక్కర్లేని చోట మొలుస్తాయి, తలమీద కావలసినచోట రాలతాయి. నా ఒంటికి జాగ్రఫీ రాదమ్మమ్మా.

వ్యాయామశాలలో మాత్రం నాకు మంచి పేరొచ్చింది. అక్కడి కోచ్ "ఏం తింటున్నారు మేడమ్, భుజాలు ఇలా తిరిగాయి?" అని అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఏమీ తినడంలేదు. ఊరికే తిరిగాయి.

జలుబు అలాగే ఉంది. గొంతు డాక్టరుకి చూపించుకున్నాను. చిన్న గొట్టంతో లోపలికి చూసి "స్వరతంత్రులు కొంచెం లావెక్కాయి, ఎక్కువ మాట్లాడతారా?" అన్నాడు. అదే నా పని అన్నాను. పుక్కిలించమని మందిచ్చి, మాట తగ్గించమన్నాడు. చెవులాయన మొన్న నా పాత వాక్యం వినిపించి, కొత్తది వినిపించి, "సిగరెట్లు మొదలెట్టావా?" అన్నాడు. లేదన్నాను. "అయితే మొదలుపెట్టు, కనీసం కారణమైనా ఉంటుంది" అని తనే నవ్వాడు. తర్వాత నవ్వలేదు. మిషన్లో ఏదో మీట తిప్పి నా గొంతుని కొంచెం పైకి ఎత్తాడు. ఆ ఎత్తిన గొంతుతోనే కొన్ని స్టాపులు వెళ్లిపోయాయి. పోయినవారం అదే మీట ఇంకొంచెం తిప్పాడు.

ఇవాళ వచ్చిన బస్సులో నా పాత గొంతే ఉంది. నిలబడి వింటూ వచ్చాను. ఎంత మర్యాదగా మాట్లాడుతుందో ఆ పిల్ల.

లోపల పిలుస్తున్నారు. ఉంటాను.

నీ గంట

*

అద్దె గది
సోమవారం

అమ్మమ్మా,

నేను రాసి చాలా రోజులైంది, నీ దగ్గర్నుంచి జవాబు లేదు. నువ్వు ఇంత ఆలస్యం ఎప్పుడూ చెయ్యవు. భయమేసి నిన్న ఆదివారం పొద్దున, మాట తప్పి, ఫోను చేశాను. చాలాసేపు మోగింది. ఎవరో ఆవిడ ఎత్తారు. నీకు జ్వరం వచ్చి తగ్గిందనీ, ఇప్పుడు బాగానే ఉన్నావనీ చెప్పారు. నీకిస్తానన్నారు. వద్దులెండి అని పెట్టేశాను.

నీరసంగా ఉంటే రాయకు. ఒక గీత గీసి పంపినా చాలు.

నీ గంట

*

పై వాటా
నీ ఉత్తరం అందిన గంటలోపే

గంటా,

జ్వరం పోయింది. దాని గురించి ఇక రాయను.

ఆదివారం సూదమ్మ మెట్లెక్కి వచ్చి నా మంచం పక్కన నిలబడింది. ఆవిడ నాతో మాట్లాడితే వీధి చివరిదాకా వినిపిస్తుంది.

"మీ మనవడు ఫోన్ చేశాడండీ!"

"నాకు మనవడు లేడు."

"అదేంటండీ? 'అమ్మమ్మకి ఎలా ఉంది' అని అడిగాడు కదా! పాపం కంగారుపడ్డాడు. జ్వరం తగ్గిందని చెప్పాను. గొంతు మాత్రం బలే ఉందిలెండి, బావిలోంచి వచ్చినట్టు."

"నాకున్నది ఒక్కత్తే. మనవరాలు."

"అయితే ఆవిడ తాలూకు అబ్బాయి అయ్యుంటాడు," అని కన్నుగొట్టి వెళ్లిపోయింది. నేనూ అదే అనుకున్నాను. అలాంటివాడెవడో ఉన్నాడనీ, నా దగ్గర దాస్తున్నావనీ, ఫోను వద్దన్నది అందుకేననీ అనుకుని రెండు రోజులు లోలోపల మురిసిపోయాను కూడా.

ఇవాళ నీ ఉత్తరం వచ్చింది. ఆదివారం పొద్దున నువ్వే చేశానని రాశావు. ఆ పొద్దున ఈ ఇంటికి వచ్చిన ఫోను ఒక్కటే.

గంటా, జలుబు ఇన్నాళ్లుండదు. జలుబు చేసిన ఆడపిల్ల గొంతు విని సూదమ్మలాంటిది మగాడనుకోదు. నువ్వు నా దగ్గర ఏం దాస్తున్నావో రాయి. వరసగా రాయి, ఏది ముందు, ఏది తర్వాత, జోకులు లేకుండా.

ఇక నా వంతు. ఫోను నా మంచం పక్కనే మోగింది. నేను మేలుకునే ఉన్నాను. ఎదురుగా పేపరు పట్టుకుని చదువుతున్నాను. కింద వాటాలో ఉన్న మనిషి విని పైకొచ్చి ఎత్తింది. నాకు వినపడడం లేదే. ఏడాదిగా తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు కుడివైపు అసలు లేదు, ఎడమవైపు అరిస్తే కొంచెం. ఫోనులో నువ్వు "ఊఁ" అనేదానివో, ఇంకేమైనా చెప్పేదానివో నాకు నిజంగా తెలియదు. ఉత్తరాలే అని నేను పట్టుబట్టింది అందుకు.

నాకు చెవి లేక, నీకు గొంతు లేక, ఇద్దరం హాయిగా ఉత్తరాలు రాసుకుంటున్నాం. ఇందులో నవ్వాల్సిందేదో ఉంది. నాకు నవ్వు రావడం లేదు.

అమ్మమ్మ

*

అద్దె గది, తలుపు గడియ వేసుకుని
వానలు వెనకబట్టాక

అమ్మమ్మా,

నీకు వినపడదని చదివాను. నువ్వు నాతో చెప్పలేదని కోపమొచ్చింది. ఆ తర్వాత నేనేం చేశానో గుర్తొచ్చింది. చెల్లుకి చెల్లు.

వరసగా రాస్తున్నాను.

పోయిన చలికాలం దాకా నెలసరి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేది. తర్వాత ఆగిపోయింది. మాత్రలు వేసుకున్నా రాలేదు. అప్పుడు మాత్రలు మానేశాను. ఆ తర్వాత వెంట్రుకలు. ఇదివరకు గడ్డం కింద నాలుగైదు ఉండేవి, ఏళ్ల తరబడి అవే. ఇప్పుడు ఛాతీ మీద, పొట్ట మీద, వీపు మీద. లేజరుతో పోతున్నాయి, పోయినంత వేగంగా వస్తున్నాయి. క్లినిక్కు అమ్మాయి లేజరు జోరు పెంచుతోంది. ఇప్పుడు రోజూ పొద్దున షేవ్ చేసుకుంటున్నాను. చెప్పుకోలేని మార్పులు ఇంకో రెండున్నాయి, అవి రాయను. ఆ తర్వాత గొంతు. మొదట పై స్థాయి అందలేదు. తర్వాత మధ్యది జారిపోయింది. ఇప్పుడు బస్సులో టికెట్టు అడిగితే వెనక్కి చూడకుండానే "ఇదిగో బాబూ" అంటున్నారు. అందుకే బస్సుల్లో నోరు విప్పను.

వెంట్రుకలకి లేజరు అమ్మాయి. జుట్టుకి చర్మం డాక్టరు, నూనె రాసిచ్చాడు. గొంతుకి గొంతు డాక్టరు. ముగ్గురికీ నాకు పీసీఓఎస్ ఉందని నేనే ముందు చెప్పాను. చెప్పగానే ముగ్గురూ తలూపారు. నేనూ తలూపాను. ఆ మాటతో అన్నీ సర్దుకుపోయేవి. పన్నెండేళ్లుగా నాకు ఏమైనా ఆ మాటే జవాబు. మొటిమలకీ అదే, లావుకీ అదే, ఏడుపుకీ అదే. కాబట్టి దీనికీ అదే అనుకున్నాను.

చెవులాయన నిన్న మీట తిప్పడం మానేశాడు. నా మొదటి రికార్డింగూ, నిన్నటిదీ పక్కపక్కన తెరమీద పెట్టి చూపించి, "ఇద్దరు మనుషులమ్మా, నాకు అతకడం చేతకాదు" అన్నాడు. కొత్త రూట్లకి ఇంకో అమ్మాయిని చూస్తున్నారు. పట్టుబట్టి నెల గడువు అడిగాను. విశ్రాంతి తీసుకుంటే వస్తుందేమో. రాకపోతే నాకింకేం పని వచ్చు?

ఆసుపత్రికి వెళ్లమని మాత్రం అనకు. వెళ్తే ఏమంటారో నాకు కంఠతా వచ్చు.

గంట

*

పై వాటా
వెంటనే

గంటా,

ఆసుపత్రికి వెళ్లు.

కోపగించుకోకుండా చదువు. నేను డాక్టర్ని కాను. బోర్డు మీద అండాశయం బొమ్మ వేసి, పిల్లలు కిసుక్కుమంటే సుద్దముక్క విసిరినదాన్ని మాత్రమే. కానీ బొమ్మలో ఏముందో నాకు తెలుసు. అండాశయం కొంచెం మగ హార్మోను కూడా తయారుచేస్తుంది. నీ జబ్బులో అది మోతాదు మించుతుంది, అందుకే గడ్డం కింద నాలుగైదు వెంట్రుకలు. అది నీకు పదహారో ఏట వచ్చి, పద్ధతిగా కూర్చుని, ఇన్నేళ్లూ అదే కుర్చీలో ఉంది. ఆ జబ్బు మెల్లగా నడుస్తుంది. ఒక చలికాలంలో మొదలై వానాకాలం అయ్యేసరికి ఆడపిల్ల గొంతు బావిలోకి దిగిపోయేంత పరుగు దానికి లేదు. పరుగెడుతున్నది ఇంకేదో ఉంది. అది పాతదాని పేరు చెప్పుకుని తిరుగుతోంది.

నువ్వు వెంట్రుకల్ని ఒకరికి, జుట్టుని ఒకరికి, గొంతుని ఒకరికి పంచిపెట్టావు. నీ ఒళ్లు మొత్తం ఒక్క కుర్చీలో కూర్చోబెట్టి ఎవరికీ చూపించలేదు.

గ్రంథుల డాక్టరు, అదే హార్మోన్లు చూసేవాళ్ల దగ్గరికి వెళ్లు. పెద్దాసుపత్రుల్లో ఉంటారు. కూర్చోగానే పీసీఓఎస్ అనకు. దాచమని కాదు, చివర్లో చెప్పు. ముందు ఇది చెప్పు: "నా గొంతు మారిపోయింది, కొద్ది నెలల్లో." రక్తంలో మగ హార్మోను ఎంతుందో చూడమను. బరువు తగ్గమంటే, తగ్గుతాను గానీ ముందు ఆ పరీక్ష రాయండి అను. రాయకపోతే లేవకు. కుర్చీ పట్టుకుని కూర్చో. చిన్నప్పుడు పళ్ల డాక్టరు దగ్గర పట్టుకున్నట్టు.

నెల గడువు అడిగానన్నావు. ఆ నెల నాకియ్యి, బస్సులకి కాదు.

నేను భయపడుతున్నాను. ఈ మాట నేను ఎవరికీ రాసినదాన్ని కాదు.

అమ్మమ్మ

*

పెద్దాసుపత్రి, రక్తపరీక్షల గది ముందు బల్ల
చలి మొదలు

అమ్మమ్మా,

వెళ్లాను. రెండుసార్లు గేటు దాకా వచ్చి వెనక్కి పోయాక.

గ్రంథుల డాక్టరమ్మ నీ వయసుకి కొంచెం తక్కువ ఉంటుంది. మొహంలో ఏ భావమూ లేదు. నువ్వు చెప్పినట్టే మొదలుపెట్టాను. "డాక్టరుగారూ, నా గొంతు..." అన్నాను, అంతే. ఆవిడ రాస్తున్న పెన్ను ఆగిపోయింది. తలెత్తి, "ఇంకోసారి మాట్లాడండి" అంది. ఏం మాట్లాడాలో తెలియక "దయచేసి తలుపుకు దూరంగా నిలబడండి" అన్నాను. ఆవిడ బస్సులో వస్తుందట రోజూ. గుర్తుపట్టింది. వాక్యాన్ని, గొంతుని కాదు. చాలాసేపు నావైపే చూసింది. నా నడుం వైపు చూడలేదమ్మమ్మా. ఒక్కసారి కూడా.

రక్తపరీక్ష ఫలితం చూసి ల్యాబువాళ్లు పొరపాటనుకుని మళ్లీ తీశారు. రెండోసారీ అదే. ఆడవాళ్లకి ఉండాల్సిన దానికి చాలా రెట్లు. "ఇది మగవాళ్ల లెక్క" అన్నాడు రక్తం తీసినాయన, నవ్వుతూ. నేను నవ్వలేదు, ఆయన కాగితం కింద పెట్టేశాడు.

తర్వాత స్కాను. తెరమీద చిన్నచిన్న నల్లటి గుండ్రాలు కనిపించాయి, అంచు వెంట వరసగా. "ఇవి నాకు తెలుసు, నా బుడగలు" అన్నాను, పాత చుట్టాల్ని చూసినట్టు. స్కాను తీస్తున్నావిడ "అవునండీ" అని చెయ్యి ఎడమవైపు జరిపింది. అక్కడ ఆగిపోయింది. నొక్కింది, కొలిచింది, మళ్లీ కొలిచింది. "ఇది బుడగ కాదండీ. గట్టిగా ఉంది" అంది. బయటికి వెళ్లి ఇంకొకావిణ్ని తీసుకొచ్చింది. ఇద్దరూ తెరవైపు చూశారు.

డాక్టరమ్మ చెప్పింది: పీసీఓఎస్ ఉన్నమాట నిజమే, ఎప్పుడూ ఉంది. దాని చాటున ఎడమ అండాశయంలో ఒక గడ్డ పెరిగింది. మగ హార్మోను పోస్తున్నది అదే. ఇలాంటిది అరుదట. చాలామందిలో బయటికి పాకకుండా అక్కడే ఉంటుందట, కొందరిలో ఉండదట. తీసి చూస్తే తప్ప తెలియదు. వచ్చేవారమే ఆపరేషను అంది.

గొంతు తిరిగి వస్తుందా అని అడిగాను. మిగతావి చాలామటుకు సర్దుకుంటాయంది. గొంతు గురించి, "ఒకసారి దిగినది సాధారణంగా పైకి రాదు" అంది. మెల్లగానే చెప్పింది. నేను అడగకుండా ఉండాల్సింది.

వచ్చేవారం నా నెల గడువులో ఆఖరి వారం. నాలుగు స్టాపులు మిగిలాయి. చెవులాయన మీద పడి, ఏదో మీట తిప్పించి, అవి పూర్తిచేసి ఆపరేషను పై నెల పెట్టుకుంటే ఏమవుతుంది? ఇన్ని నెలలు ఆగిందిగా.

గంట

*

పై వాటా, పెట్టె సర్దుతూ
ఉత్తరం అందిన రోజే

గంటా,

ఏమవుతుందో నాకు తెలియదు. డాక్టరమ్మకీ తెలియదు. తెలిసింది ఆ గడ్డకొక్కదానికే, అది చెప్పదు.

ఆ నాలుగు స్టాపుల దగ్గర జనం దిగుతారు. కిటికీలోంచి చూసుకుని దిగుతారు. బస్సులు మాట్లాడకముందు అందరూ అలాగే దిగారు, ఎవరూ తప్పిపోలేదు.

ఆ గొంతు నీకు ఎంతో నాకు తెలియదని అనుకోకు. నీ పేరే దాన్ని చూసి పెట్టాను. పోయింది. పోయినదాని కోసం మిగిలినదాన్ని ఆపరేషను బల్ల ఎక్కించకుండా ఆపావంటే, నేను వచ్చి స్టూడియో గుమ్మంలో బైఠాయిస్తాను. చెవులాయన ఏమన్నా నాకు వినపడదు కూడా, కాబట్టి వాదన గెలిచేది నేనే.

ఈ ఉత్తరం నీకు ముందు చేరుతుందో, నేను ముందు చేరతానో తెలియదు. సూదమ్మ రైలెక్కిస్తోంది. మెడలో ఒక అట్ట తగిలిస్తానంటోంది, "ఈమెకు వినపడదు, దిగాల్సిన స్టేషను ఇది" అని పెద్దక్షరాలతో. స్కూలు పిల్లలకి బ్యాడ్జీలు కుట్టే దారంతోనే కుట్టింది. కట్టుకుంటాను. పరువు సంగతి తర్వాత.

సంతకం పెట్టే కాగితాలన్నీ పెట్టేయి. నేను వస్తున్నాను.

అమ్మమ్మ

*

పెద్దాసుపత్రి, ఆపరేషను గది ముందు కుర్చీ
చలికాలం, మధ్యాహ్నం

గంటా,

నువ్వు లోపలున్నావు. నేను బయటున్నాను. ఏం చెయ్యాలో తెలియక రాస్తున్నాను, మెలకువ వచ్చాక చదువుకో.

మొన్న స్టేషనులో నువ్వు నాకెదురు వచ్చినప్పుడు నిన్ను దాటుకుని పోబోయాను. గుర్తుపట్టనట్టు నటించానని నువ్వు అనుకుంటే ఆ భ్రమలోనే ఉండు. పొట్టి జుట్టూ, ఆ భుజాలూ చూసి ఎవరో కుర్రాడు నా పెట్టె లాక్కుంటున్నాడనుకున్నాను. అప్పుడు నవ్వావు. ఆ నవ్వు మాత్రం ఎవరూ ఎత్తుకుపోలేదు.

ఇక్కడ ఒక వరసలో కుర్చీలు, ఎదురుగా రెండు తలుపులు, వాటిమీద గుండ్రటి గాజు. గోడమీద మైకులో బంధువుల్ని పిలుస్తారు కాబోలు, పక్కవాళ్లు ఉలిక్కిపడి లేస్తున్నారు. నాకు వినపడదు కాబట్టి గాజు వైపే చూస్తూ కూర్చున్నాను. రెప్ప వేయడం కూడా తగ్గించాను. నాతోపాటు కూర్చున్నవాళ్లని ఒక్కొక్కరినే పిలిచారు. కొందరు నవ్వుతూ వెళ్లారు. ఒకావిడ గోడ పట్టుకుని వెళ్లింది. ఇప్పుడు ఈ వరసలో నేనొక్కదాన్నే మిగిలాను. చెప్పిన వేళ దాటిపోయింది. ఒక నర్సు లోపల్నుంచి పరుగున వచ్చి, ఎర్రటి సంచీ ఒకటి పట్టుకుని పరుగున లోపలికి పోయింది. ఎవరికో అడగలేదు. అడిగినా వినపడదు.

ఇన్నేళ్లు పిల్లలకి అండాశయం బొమ్మ వేశాను. ఒక్కసారి కూడా ఎర్ర సుద్ద వాడలేదని ఇప్పుడు తోచింది.

తలుపు తెరుచుకుంది. సర్జను వచ్చాడు. మూతికి గుడ్డ ఉంది. నా ముందు నిలబడి ఏదో చెబుతున్నాడు, గుడ్డ కదులుతోంది. కళ్లలో ఏమీ లేదు, అలసట తప్ప. ఈ కాగితం ఇస్తున్నాను, రాయమని.

*ఎడమ అండాశయం, గడ్డ తీసేశాం. పగలకుండా మొత్తంగా వచ్చింది. రక్తం కొంచెం ఎక్కువ పోయింది, ఎక్కించాం. చుట్టుపక్కల ఏమీ కనిపించలేదు. కానీ ముక్క పరీక్ష వచ్చేదాకా మంచిదో చెడ్డదో చెప్పలేను. కుడివైపుది ఉంచాం. మెలకువ వస్తోంది. మీరు వెళ్లి చూడొచ్చు.*

ఇది ఆయన రాసింది. అక్షరాలు కోడి గీకినట్టున్నాయి, నా విద్యార్థి అయితే తిరగరాయించేదాన్ని. కానీ మాటలు సూటిగా ఉన్నాయి. "చెప్పలేను" అన్నచోట పెన్ను గట్టిగా నొక్కాడు, కాగితం వెనక దాకా తెలుస్తోంది. ఆ మాట మీద వేలు పెట్టి ఆయన మొహంలోకి చూశాను. గుడ్డ తీశాడు. నవ్వలేదు, తల తిప్పుకోలేదు. వెళ్లమన్నట్టు చెయ్యి చూపించాడు.

నువ్వు లోపల ఏదో అంటావు. ఏ గొంతుతో అన్నా నాకు ఒకటే, రెండూ వినపడవు. వినపడినట్టు తలూపను, ఫోనులో చాలా ఊపాను. పక్కన కూర్చుని నీ పెదాలు చూస్తాను. అర్థం కాకపోతే మళ్లీ అడుగుతాను, ఎన్నిసార్లైనా. విసుక్కోకు.

నర్సు తలుపు పట్టుకుని నిలబడింది. వస్తున్నానే.